బేరింగు మార్చడం సగం పనే: చెన్నైలో ఫోర్ వీల్ డ్రైవ్ బండి హబ్బుకు తుప్పు, దాని మరమ్మతు

చెన్నైలో జీపో, థారో, జిమ్నీయో నడిపేవాళ్ల దగ్గర ఒక మాట తరచూ వినిపిస్తుంది: "పోయినేడే బేరింగు మార్పించాను, మళ్లీ అదే చక్రం అరుస్తోంది." బేరింగు నాసిరకమని కొందరంటారు, మెకానిక్కు చేతి తప్పని ఇంకొందరంటారు. ఒక్కోసారి ఆ రెండూ నిజమే. కానీ చాలా బళ్లలో అసలు దోషి బేరింగు కాదు. దాని పక్కనున్న ఆయిల్ సీలు (గ్రీజును లోపల ఆపే రబ్బరు రింగు), ఆ సీలు పెదవి, అంటే దాని అంచు, రాసుకునే చోట తుప్పు తిన్న ఇనుము. నీళ్లు వచ్చిన దారి మూయకుండా కొత్త బేరింగు వేస్తే దానికీ అదే గతి. అందుకే ఇందులో బేరింగు ఊడదీసి వేయడం కంటే తుప్పు గురించి, సీలు గురించే ఎక్కువ చెప్తాను.

నీళ్లు ఎలా దూరతాయి

సీలు ముఖ్యంగా గ్రీజును లోపల ఆపడానికి, దుమ్మును, చిమ్మే నీటిని బయట ఆపడానికి పెట్టింది. నీటిలో మునగడానికి కాదు. జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు మీద అరగంట బ్రేకులు తొక్కుకుంటూ వచ్చిన బండి హబ్బు (చక్రం బిగించే, లోపల బేరింగులుండే నడిమి భాగం) బాగా వేడెక్కి ఉంటుంది. అలాగే వెళ్లి వేలచ్చేరిలో రోడ్డు మీద నిలిచిన నీళ్లలో దిగితే హబ్బు ఒక్కసారిగా చల్లబడుతుంది, లోపలి గాలి కుంచించుకుపోతుంది, ఆ పీల్పుకు సీలు పెదవి సందులోంచి నీళ్లు లోపలికొస్తాయి. సరదాగా వాగులు దాటేవాళ్లకు కూడా ఇదే జరుగుతుంది. తడ దాటి వరదయ్యపాలెం వైపు ఉబ్బలమడుగు దారిలో వాగు ముందు పది పదిహేను నిమిషాలు బండి ఆపి హబ్బులు చల్లారనిస్తే చాలు, బేరింగు ఆయుష్షు మిగుల్తుంది. ఖర్చు లేని జాగ్రత్త ఇదొక్కటే.

రెండో దారి, నిలబెట్టిన బండి మునగడం. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకూ ముడిచూరు, వేలచ్చేరి, పళ్ళికరణై ప్రాంతాల్లో బళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ అనుభవంతోనే జనం ఇప్పుడు వాన హెచ్చరిక రాగానే కార్లను వేలచ్చేరి ఫ్లైఓవరెక్కించి వరసగా పెడుతున్నారు. మునిగిన బండికి ఇంజను, సీట్లు, వైరింగు చూపిస్తారు గానీ హబ్బుల సంగతి ఎవరికీ గుర్తుండదు. నీళ్లు చేరిన బేరింగు వెంటనే అరవదు. బేరింగు రోలరు, కప్పు (బయటి రింగు) ఆనుకునే సన్నని సందులో నీటి పొర నిలిచి అక్కడ గీతలా తుప్పు పడుతుంది. బండి కదిలాక ఆ గీత దగ్గర ఉక్కు పొర లేస్తుంది. శబ్దం నెలల తర్వాత మొదలవుతుంది, అప్పటికి వరద ఎవరికీ గుర్తుండదు.

మూడోది మన సముద్రపు గాలి. ఎన్నూరు నుంచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీదుగా కోవళం దాకా తీరాన్ని ఆనుకుని ఉండేవాళ్లకు ఇది ఏడాది పొడుగునా ఉంటుంది. ఉప్పు తేమను పీల్చి పట్టుకుంటుంది కాబట్టి వాన లేకున్నా ఇనుము ఎప్పుడూ కాస్త తడిగానే ఉంటుంది. దీని దెబ్బ ముందు కనబడేది హబ్బు ముఖం మీద, అంటే డిస్కు, చక్రం ఆనుకునే చదునైన చోట.

ముందు మీ హబ్బు ఏ రకమో చూసుకోండి

పాత జీపుల్లోనూ, గట్టి యాక్సిలున్న చాలా బళ్లలోనూ హబ్బులో లోపలొకటి, బయటొకటి టేపర్ రోలర్ బేరింగులు (ఒక కొస సన్నబడే రోలర్లున్నవి) ఉంటాయి. వీటిని విప్పి, కడిగి, గ్రీజు పెట్టి, నట్టుతో ఆట (వదులు) సరిచేసుకోవచ్చు. ఇంట్లో చేసుకోదగ్గ పని. ముందు చక్రాలు ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో ఉన్న నేటి బళ్లలో ఎక్కువగా మూసేసిన యూనిట్ బేరింగు ఉంటుంది. అందులో నకిల్ (హబ్బును పట్టి ఉంచే ఇనుప భాగం) లోకి ప్రెస్ యంత్రంతో ఒత్తి దించేది ఒక రకం, బోల్టులతో బిగించేది ఇంకో రకం. వీటికి గ్రీజు పెట్టే పని లేదు, పోతే మొత్తం మార్చడమే. ప్రెస్ రకానికి ఇంట్లో తలపడకండి. నకిల్ మీరు విప్పి పట్టుకెళ్తే ప్రెస్ ఉన్న షెడ్డువాడు తక్కువలో చేసిపెడతాడు.

అరుపు ఎక్కడిదో తేల్చుకోవడం

బేరింగు శబ్దం వేగంతో పెరుగుతుంది, ఇంజను వేగంతో కాదు. అరవైలో న్యూట్రల్‌లోకి తెచ్చినా ఊళ ఆగకపోతే ఇంజను, క్లచ్చు వైపు చూడక్కర్లేదు. ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డు మీద బండిని మెల్లగా ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు శబ్దం పెరిగితే కుడివైపు అనుమానించండి, తగ్గితే ఎడమ. టేపర్ జతల్లో ఇది ప్రతిసారీ నిజం కాదు, ఆధారం మాత్రమే. మట్టి రోడ్డు టైర్లున్నవాళ్లకు ఇంకో చిక్కు: గళ్లు ఎగుడుదిగుడుగా అరిగిన టైరు కూడా అచ్చం బేరింగులాగే ఊళ పెడుతుంది. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి చూడండి. శబ్దం టైరుతో పాటే వెళ్లిందంటే మీ డబ్బు మిగిలింది.

తర్వాత జాకీ పని. చదునైన నేల, మిగతా చక్రాలకు చెక్క ముక్కల అడ్డు, కింద స్టాండు. వట్టి జాకీ మీద బండిని నమ్మొద్దు. పాత జీపులు కొన్నిటిలో హ్యాండ్ బ్రేకు చక్రాల మీద కాక గేరు పెట్టె వెనక షాఫ్టు మీద ఉంటుంది. అలాంటి బండికి వెనక చక్రం ఒకటి పైకి లేపితే డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేరు) పుణ్యమా అని బ్రేకు వేసినా బండి దొర్లిపోగలదు. చెక్కలు పెట్టకుండా లేపనేవద్దు.

లేపిన చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపండి. ఆట తెలిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట పోయిందంటే అది బేరింగుదే. అప్పటికీ ఉంటే చక్రం పక్కకు తిరిగే కీలుది, అంటే బాల్ జాయింటో, కింగ్ పిన్నో. పక్కల పట్టుకుని ఊపితే వచ్చే ఆట సాధారణంగా టై రాడ్డుది (స్టీరింగు కడ్డీది). ఇక చక్రాన్ని చేత్తో తిప్పుతూ రెండో చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగు మీద ఉంచండి. చెవికి అందని గరగర చేతికి తెలుస్తుంది. ఆట ఏమాత్రం లేకుండా గరగర ఒక్కటే ఉండటం తుప్పు పట్టిన బేరింగు మొదటి దశ. చాలా షెడ్లలో ఆట లేదు కదా అని దీన్ని వదిలేస్తారు.

సామాను కొనేటప్పుడు

కొత్త విడిభాగాలకు జీపీ రోడ్డు, పాత బళ్ల భాగాలకు పుదుపేట అన్నది చెన్నైలో అందరికీ తెలిసిందే. పుదుపేటలో హబ్బు, నకిల్, స్పిండిల్ (హబ్బు తిరిగే ఇరుసు) లాంటి గట్టి ఇనుము నిక్షేపంగా కొనుక్కోండి. బేరింగు, సీలు మాత్రం పాతవి కొనకండి. పేరున్న కంపెనీల బేరింగులకు నకిలీలు దండిగా ఉన్నాయి, పెట్టె చూసి కనిపెట్టడం కష్టం. ఎస్‌కేఎఫ్, షెఫ్లర్ లాంటి కంపెనీలకు సరుకు అసలుదో కాదో చూసుకునే ఫోన్ యాప్‌లున్నాయి, కొట్లో నిలబడే చూసుకోవచ్చు. పాత బేరింగు మీద చెక్కిన నంబరు రాసుకుని వెళ్లండి. కప్పు, కోను (రోలర్లున్న లోపలి రింగు) ఒకే కంపెనీ జతగా తీసుకోండి. కొత్త కోనును పాత కప్పులో వేయడం అన్నిటికంటే ఖరీదైన పొదుపు.

పనికి కావలసినవి: హబ్బు నట్టుకు సరిపడే సాకెట్టు (చాలా షెడ్లలో ఉలి, సుత్తి పెట్టి తిప్పుతారు, ఆ నట్ల ముఖాలు చూస్తేనే తెలుస్తుంది), టార్క్ రెంచి (బిగింపు బలం చూపించేది), ఇత్తడి కడ్డీ, సర్‌క్లిప్ (షాఫ్టు కొసన బిగించే స్ప్రింగు రింగు) ప్లయరు, వైరు బ్రష్షు, సన్న ఎమరీ కాగితం, కిరోసిను, గ్రీజు, కొత్త సీళ్లు, కొత్త లాక్ వాషర్లు, లాకింగ్ హబ్బు (ముందు చక్రాన్ని షాఫ్టుతో కలిపే, విడదీసే మూత) ఉంటే దాని గ్యాస్కెట్టు. డయల్ గేజీ (సన్నని కదలికను ముల్లుతో చూపే కొలత సాధనం) దొరికితే అరువు తెచ్చుకోండి.

విప్పడం

తుప్పు పట్టిన బోల్టులకు ముందు రోజు రాత్రే చొచ్చుకుపోయే నూనె కొట్టి వదిలేయండి. చక్రం ఊడాక బ్రేకు కాలిపర్ (డిస్కును పట్టే భాగం) విప్పి తీగతో వేలాడదీయండి, బ్రేకు పైపు మీద బరువు పడకూడదు. బ్రేకు దుమ్మును గాలితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. ఏబీఎస్ (బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకోకుండా ఆపే ఏర్పాటు) సెన్సరు ఉంటే హబ్బు కదిలించే ముందే దాన్ని తీయాలి. తుప్పు పట్టిన రంధ్రంలో అది బిగుసుకుపోయి ఉంటుంది, లాగితే విరుగుతుంది. నూనె కొట్టి, మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయండి.

ఆ తర్వాత లాకింగ్ హబ్బు, సర్‌క్లిప్, బయటి నట్టు, లాక్ వాషరు, లోపలి నట్టు, ఈ వరసలో వస్తాయి. వచ్చిన వరసలోనే గుడ్డ మీద పేర్చి ఫోటో తీసుకోండి. హబ్బును ముందుకు లాగేటప్పుడు బయటి బేరింగు జారి కింద పడుతుంది, బొటనవేలితో ఆపి పట్టండి.

పాత బేరింగును పారేసే ముందు

ఇక్కడ తొందర వద్దు. కిరోసినులో కడిగి, ఆరబెట్టి, వెలుతురులో చూడండి. గాలి గొట్టం పెట్టి బేరింగును గిర్రున తిప్పే అలవాటు కొందరికుంది, రోలరు ఊడి ముఖాన తగిలితే కన్ను పోతుంది.

గ్రీజు మజ్జిగ రంగులో, పలచగా ఉంటే నీళ్లు చేరినట్టే. కప్పు లోపల రోలర్ల మధ్య ఎంత దూరం ఉందో అంతే దూరంలో సమానంగా నల్లటి గీతలు కనిపిస్తే, నిలబడి ఉన్న బండిలో నీళ్లు పట్టిన గుర్తు. అలాంటిచోట గోరు గీసి చూడండి. గోరు తగిలితే బేరింగు మార్చాల్సిందే. ఎమరీతో పాలిష్ చేసి వాడుకోవచ్చని ఎవరైనా చెప్తే నమ్మకండి, గట్టిపరచిన ఉక్కు పైపొర ఒకసారి పోతే మళ్లీ రాదు.

నీలిరంగు తిరిగిన రోలర్లు అతిగా వేడెక్కినందుకు సాక్ష్యం, దానికి కారణం అతి బిగింపు కావచ్చు, గ్రీజు చాలకపోవడం కావచ్చు. పొరలు లేచి గుంటలు పడటం అలసిన ఉక్కుది, దానికి కారణం వయసు కావచ్చు, తుప్పు కావచ్చు. గీతలు కాకుండా స్పష్టంగా నొక్కినట్టున్న పల్లాలుంటే ఎవరో సుత్తితో కొట్టి ఎక్కించారన్నమాట. కప్పు బయటి ముఖం అద్దంలా మెరుస్తుంటే అది హబ్బులో తిరుగుతోంది, ఆ హబ్బు రంధ్రం అరిగిపోయింది. దానికి కొత్త బేరింగు వేసి లాభం లేదు, హబ్బే మార్చాలి. పంచ్‌తో చుక్కలు కొట్టి బిగువు తెప్పించే వైద్యం మన షెడ్లలో ఇంకా నడుస్తోంది. అది నెల్లూరు చేరేలోపు మళ్లీ వదులవుతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది స్పిండిల్ మీద సీలు పెదవి తిరిగే చోటు. అక్కడ గోరుకు తగిలే గాడి ఉందా? తుప్పు గుంటలున్నాయా? ఉంటే ఎంత మంచి సీలు వేసినా ఆ గుంటల్లోంచి నీళ్లు వస్తూనే ఉంటాయి.

తుప్పు తీయడం

సీలు చోటున పైపై మరకలుంటే సన్న ఎమరీతో గుండ్రంగా, షాఫ్టు తిరిగే దిశలోనే రుద్దండి. పొడుగునా రుద్దితే పడే గీతలు నీటికి కాలువలవుతాయి. గాడి లోతుగా ఉంటే మూడు దార్లు: పల్చటి స్టీలు తొడుగు ఎక్కించడం (ఇలాంటి మరమ్మతు తొడుగులు సైజుల వారీగా దొరుకుతాయి), సీలును రంధ్రంలో ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టి పెదవిని కొత్త చోట ఆనేలా చేయడం, లేదా స్పిండిల్ మార్చడం. రెండోది చోటున్నప్పుడే కుదురుతుంది, అదే అన్నిటికంటే చవక.

ఇక హబ్బు ముఖం. డిస్కుకు, హబ్బుకు మధ్య తుప్పు పొర లేస్తే డిస్కు కాస్త వంకరగా కూర్చుంటుంది, బ్రేకు తొక్కితే పెడల్ వణుకుతుంది. డిస్కు వంగిందని లేత్‌కు పంపేస్తారు, రోగం మాత్రం హబ్బు మీదే ఉంటుంది. వైరు బ్రష్షుతో మెరిసేదాకా, వీల్ బోల్టుల మొదళ్ల చుట్టూ కూడా గీకండి. డయల్ గేజీ ఉంటే హబ్బు ముఖం అంచున పెట్టి తిప్పి చూడండి. ముల్లు ఊగడం 0.05 మిల్లీమీటరు దాటకపోతే మంచిది, డిస్కు మీద 0.1 లోపు ఉండాలి. అల్లాయ్ చక్రాలున్న బళ్లలో మధ్య రంధ్రం దగ్గర అల్యూమినియం, ఇనుము కలిసేచోట ఉప్పు తేమ చేరితే రెండూ అతుక్కుపోతాయి, పంక్చరైన రోజున చక్రం ఊడదు. శుభ్రం చేశాక ఆ మధ్య గుండ్రం మీద మాత్రం పల్చగా యాంటీ సీజ్ (లోహాలు అతుక్కోకుండా ఆపే పూత) పూయండి. వీల్ బోల్టుల మరలకు తగలనివ్వకండి. జారుడు పెరిగితే అదే టార్క్‌కు బోల్టు అతిగా బిగుస్తుంది.

కప్పులు, గ్రీజు, సీలు

పాత కప్పులను ఇత్తడి కడ్డీతో లోపలి నుంచి ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క తట్టి తీయండి. కొత్త కప్పులను రెండు గంటలు ఫ్రీజర్‌లో పెట్టి, హబ్బును ఎండలోనో హాట్ ఎయిర్ గన్‌తోనో గోరువెచ్చగా చేస్తే సగం శ్రమ తగ్గుతుంది. గ్యాస్ మంట చూపించకండి. పాత కప్పు అంచును కాస్త గ్రైండ్ చేసి కొత్తదాని మీద పెట్టి తడితే సూటిగా దిగుతుంది. అడుగు తగిలినప్పుడు దెబ్బ శబ్దం మారుతుంది, మెత్తటి 'దబ్' కాస్తా 'ఖంగ్' అవుతుంది. అక్కడ ఆపాలి.

గ్రీజు విషయంలో నా మాట: నీళ్లలో దిగని బండికి రెండో నంబరు లిథియం కాంప్లెక్స్ చాలు. ఈసీఆర్ వైపు ఉండేవాళ్లు, వాగులు దాటేవాళ్లు క్యాల్షియం సల్ఫోనేట్ కాంప్లెక్స్ వెతికి తెచ్చుకోండి. నీటికి, తుప్పుకు బాగా తట్టుకుంటుంది, ధర ఎక్కువ. రెండు రకాలు కలపొద్దు, కొన్ని కలిస్తే పలచబడి కారిపోతాయి. కాబట్టి పాతది ఆనవాలు లేకుండా కడగాలి. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు వెడల్పు వైపును దానికి ఒత్తుతూ అవతలి పక్క రోలర్ల మధ్యనుంచి పైకి వచ్చేదాకా నింపండి. హబ్బు ఖాళీలో మూడో వంతు నుంచి సగం వరకు చాలు. కుక్కి నింపితే వేడెక్కి సీలును తోసుకొస్తుంది.

సీలు పెదవికి గ్రీజు రాసి, చదునైన చెక్క ముక్క అడ్డం పెట్టి అన్ని పక్కలా సమంగా తట్టండి. పెదవి లోపలి చిన్న స్ప్రింగు జారిందేమో చూసుకోండి. లాకింగ్ హబ్బు లోపల మాత్రం గ్రీజు పల్చటి పూతే ఉండాలి, చిక్కగా పెడితే పళ్లు కలవవు. దాని గ్యాస్కెట్టు, రబ్బరు రింగు కొత్తవి వేయండి. నీళ్లు బయటివైపు నుంచి వచ్చే దారి అదే.

బిగింపు

పని మొత్తంలో చేతి నేర్పు కావలసింది ఇక్కడే. పాత జీపుల తరహా రెండు నట్ల హబ్బుకు ఎక్కువగా పాటించే పద్ధతి ఇది: హబ్బును తిప్పుతూనే లోపలి నట్టును సుమారు 68 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి, రోలర్లు సర్దుకోవడానికి. తర్వాత ఆరో వంతు నుంచి పావు చుట్టు వెనక్కి వదలాలి. లాక్ వాషరు వేసి బయటి నట్టు బిగించాలి. బయటి నట్టు బిగిస్తే లోపలి నట్టు మరల్లో కాస్త లోపలికి జరుగుతుంది, ముందు వదిలిన ఆట తగ్గుతుంది. అందుకే ఆట కొలవాల్సింది రెండో నట్టు బిగించాకే. 0.025 నుంచి 0.125 మిల్లీమీటర్ల మధ్య ఉంటే సరి. కొన్ని బళ్లకు ఆట కాకుండా కాస్త బిగువు ఉండాలంటారు, వీల్ బోల్టుకు స్ప్రింగు త్రాసు తగిలించి లాగి ఎంత బరువు దగ్గర హబ్బు కదులుతుందో చూస్తారు. ఆ అంకె మీ బండి సర్వీసు మాన్యువల్లో ఉంటుంది, దాన్నే పాటించండి. మేస్త్రీ చేతి అంచనా బాగానే ఉండొచ్చు గానీ, అది ఆయన చేతికి అలవాటైన బళ్లకే.

యూనిట్ బేరింగు వాళ్లకు

ప్రెస్ చేయించేటప్పుడు పక్కనే నిలబడి ఒక్కటి గమనించండి. బేరింగును నకిల్‌లోకి దించేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. హబ్బును బేరింగులోకి దించేటప్పుడు లోపలి రింగు కింద ఆధారం ఉండాలి. తారుమారైతే ఒత్తిడి బంతుల మీదుగా పోయి, కొత్త బేరింగు బండెక్కకముందే పాడవుతుంది. ఏబీఎస్ బళ్లలో బేరింగు ఒక ముఖాన అయస్కాంతపు రింగు ఉంటుంది, అది సెన్సరు వైపుకే రావాలి. తిరగేస్తే డాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది, మళ్లీ ప్రెస్ చేసి తీస్తే బేరింగు పనికిరాదు. నకిల్ రంధ్రంలో తుప్పు పూర్తిగా తీశాకే కొత్తది దించాలి. యాక్సిల్ నట్టు కొత్తది వేసి, టార్క్ రెంచితో పూర్తిగా బిగించేదాకా చక్రాన్ని నేలకు దించొద్దు. గాలి గన్నుతో ఆఖరి బిగింపు వద్దు.

వెనక చక్రాల్లో, గట్టి యాక్సిలైతే, బేరింగును షాఫ్టు మీద రింగుతో బిగిస్తారు. ఇక్కడ తొలి గుర్తు శబ్దం కాదు, డ్రమ్ము లోపల గేరు ఆయిల్ తడి.

చక్రం తిరిగి వేశాక

నట్లను నక్షత్రం ఆకారంలో, టార్క్ రెంచితో బిగించండి. చాలా బళ్లకు 100 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. వంద కిలోమీటర్ల లోపు మళ్లీ చూడండి. టేపర్ బేరింగుల ఆటను మరో ఐదు వందల కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి. మొదటిసారి నడిపి ఆపాక రెండు హబ్బుల వేడినీ పోల్చండి. ఒకటి చేయి పెట్టలేనంత కాలితే బిగువు ఎక్కువైనా అయ్యుండాలి, బ్రేకు పట్టేసినా అయ్యుండాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా

ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే ముందే ఒకసారి హబ్బు విప్పి గ్రీజు మార్చుకోవడం మన ఊరికి తగిన లెక్క, కిలోమీటర్లు ఎన్నయినా కానివ్వండి. హబ్బు మునిగేంత నీళ్లలో దిగితే, ఆ వారంలోనే విప్పండి. డిఫరెన్షియల్ ఆయిల్ కూడా మజ్జిగలా మారిందేమో చూడండి. యాక్సిళ్లకు గాలి ఆడే గొట్టాలు చాలా బళ్లలో కిందనే ఉంటాయి, నీళ్లు వాటిలోంచి లోపలికి పోతాయి. గొట్టం పొడిగించి బానెట్ లోపలికి తెచ్చుకుంటే ఆ బెడద తీరుతుంది.

లాకింగ్ హబ్బులున్నవాళ్లు నెలకోసారి వాటిని లాక్ చేసి, ఫోర్ వీల్ లివరు టూ వీల్‌లోనే ఉంచి పదిహేను కిలోమీటర్లు తిప్పండి. ముందు షాఫ్టులు తిరిగి వాటికి నూనె అందుతుంది, పళ్లు తుప్పుతో అతుక్కోవు. పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ మాత్రం వేయకండి. సముద్రం ఒడ్డు నుంచి వచ్చాక మంచినీళ్లతో కడగడం మంచిదే, హబ్బులు చల్లారాక. సర్వీసు సెంటరు కుర్రాడు ప్రెషర్ గన్ తెచ్చి చక్రం వెనక గురిపెడితే మాత్రం ఆపండి. ఆ ధారను ఏ సీలూ ఆపలేదు.